ఎరువు బస్తా, అన్నం పళ్ళెం: స్థూల పోషకాల లెక్క చూసుకునే పద్ధతి

ఎడగారు వరి కోతలు అయిపోయిన వారంలో నాయన షుగర్ పరీక్షకని నెల్లూరు పోయి వచ్చాడు. అక్కడ ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒక కాగితం రాసిచ్చింది. పైన ‘స్థూల పోషకాలు’ అని ఉంది, కింద పిండిపదార్థాలు, మాంసకృత్తులు (ప్రోటీన్), కొవ్వులు అని మూడు గళ్ళు. అదే సంచిలో ఎరువుల కొట్టులో ఇచ్చిన పాంప్లెట్ కూడా ఉంది. దాని మీదా ‘స్థూల పోషకాలు’ అనే ఉంది, కింద మాత్రం నత్రజని, భాస్వరం, పొటాష్. నాయన రెండింటినీ అరుగు మీద పక్కపక్కన పరిచి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“ఏందమ్మా ఇది? పైరుకీ నాకూ ఒకటే పేరు పెట్టుండారు. అయితే నేను గూడా పొటాష్ తినాల్నా?”

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదది. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషికి పొలం లెక్క తెలుసు, కానీ పళ్ళెం లెక్క ఎవరూ చెప్పలేదు. పట్నంలో పెరిగిన మా పిల్లలకు ప్రోటీన్ గ్రాములు తెలుసు, ఆ ప్రోటీన్ ఏ మట్టిలోంచి వచ్చిందో తెలియదు. రెండు లెక్కలనూ ఒకచోట పెట్టి, ఒక్కో అడుగూ రాస్తున్నాను. మాది కోవూరు పక్కన పెన్న కాలువ కింది మాగాణి. మేనమామ వాళ్ళది పొదిలి పక్క మెట్ట. ఉదాహరణలన్నీ ఈ రెండు చోట్లవే.

ముందు పేరు విడదీసుకుందాం

ఇక్కడ ‘స్థూల’ అంటే ఎక్కువ మోతాదులో కావలసినది అని మాత్రమే అర్థం. ఎకరం పైరుకు కిలోల్లో కావలసింది స్థూల పోషకం, గ్రాముల్లో సరిపోయేది సూక్ష్మ పోషకం. మనిషి విషయంలో రోజుకు పదుల, వందల గ్రాముల్లో కావలసింది స్థూలం, మిల్లీగ్రాముల్లోనో అంతకంటే తక్కువలోనో సరిపోయేది సూక్ష్మం. పేరు మోతాదు గురించి చెబుతుందే గానీ అది ఏ పదార్థమో చెప్పదు. తికమక అంతా అక్కడే వస్తుంది.

మొక్కకు తప్పనిసరి అని తేలిన మూలకాలు 17. వాటిలో కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచీ నీటి నుంచీ వస్తాయి, వాటికి మనం డబ్బు పెట్టక్కర్లేదు. మిగతా 14 మట్టిలోంచి రావాలి. అందులో నత్రజని, భాస్వరం, పొటాషియం (బస్తా మీద పొటాష్ అని రాసేది) ప్రధానమైనవి. కాల్షియం, మెగ్నీషియం, గంధకం రెండో వరస. ఈ ఆరూ స్థూల పోషకాలు. ఇనుము, జింకు, బోరాన్ లాంటి ఎనిమిదీ సూక్ష్మ పోషకాలు.

మనిషికి స్థూల పోషకాలు మూడు. పిండిపదార్థం గ్రాముకు 4 కిలో కేలరీలు ఇస్తుంది, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9.

అసలు తేడా ఏమిటంటే, మొక్కకు ముడిసరుకు చాలు. ఎండ, గాలి, నీళ్ళు, మట్టిలోని మూలకాలు దొరికితే పిండి, ప్రోటీన్, నూనె అన్నీ అదే తయారు చేసుకుంటుంది. మన ఒంటికి ఆ విద్య లేదు. మొక్క తయారు చేసిందో, ఆ మొక్కను మేసిన జీవి తయారు చేసిందో తిని బతకాలి. మొక్క వంటింట్లోకి వెళ్ళే సరుకు ఎరువు బస్తా మీద రాసి ఉంటుంది. ఆ వంటింట్లోంచి బయటికొచ్చిన వంట మన పళ్ళెంలో ఉంటుంది.

రెండింటినీ కలిపే తాడు నత్రజని

మాంసకృత్తుల బరువులో సుమారు 16 శాతం నత్రజనే. అందుకే ప్రయోగశాలలో ఆహారంలోని ప్రోటీన్ కొలవాలంటే మామూలుగా దానిలోని నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త కెల్డాల్ 1883లో కనిపెట్టిన ఈ పద్ధతితోనే మట్టిలోని నత్రజనినీ కొలుస్తారు, పప్పులోని ప్రోటీన్‌నూ కొలుస్తారు. మట్టికీ పప్పుకీ ఒకే కొలత సరిపోతుందంటే వాటి చుట్టరికం ఎంత దగ్గరిదో చూడండి.

మన లెక్కలో చెప్పుకుందాం. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోల ధాన్యం. మిల్లు ఆడిస్తే సుమారు 570 కిలోల బియ్యం వస్తాయి. బియ్యంలో ప్రోటీన్ 7 నుంచి 8 శాతం ఉంటుంది కాబట్టి పుట్టి ధాన్యం బియ్యంలో 43 కిలోల దాకా ప్రోటీన్ ఉంటుంది. ఆ ప్రోటీన్‌లో దాగిన నత్రజని దాదాపు 7 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. పుట్టికి ఒక బస్తా లెక్కన వేశామనుకుంటే, మిగతాది తవుడులో కొంత, గడ్డిలో కొంత ఉంటుంది, చాలా భాగం గాలిలోకీ నీటిలోకీ పోతుంది. నీళ్ళు నిలిచే వరి మడిలో వేసిన యూరియాలో సగం కూడా పైరుకు అందదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, యూరియా ఎంత వేశామన్నదాని కంటే ఎప్పుడు, ఎలా వేశామన్నది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

భాస్వరం విషయంలోనూ మొక్కకూ మనకూ ఒక బంధుత్వం ఉంది. జీవకణంలో శక్తిని మోసే పదార్థం ఏటీపీ. వరి పిలకలోనూ అదే, మన కండలోనూ అదే, దానిలో భాస్వరం ఉంటుంది. 1929లో దాన్ని బయటపెట్టిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1925లో, ఆయన సైరస్ ఫిస్క్‌తో కలిసి నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఈనాటి మట్టి పరీక్షల్లో భాస్వరం కొలిచే పద్ధతులూ అలాంటి నీలిరంగు మీదే నడుస్తున్నాయి. మట్టి పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇక నాయన ప్రశ్న. పొటాషియం మనిషికీ కావాలి. కానీ దాన్ని మనం తిండి లెక్కల్లో స్థూల పోషకం అనం, ఖనిజ లవణం అంటాం. పప్పులో, అరటిపండులో, కొబ్బరినీళ్ళలో, ఆకుకూరల్లో అది ఉంది. నాయన బస్తాలోది తినక్కర్లేదు, పైరు తిన్నదాన్నే పైరు ద్వారా తింటున్నాడు.

అడుగు 1: మట్టి తీయడం

కోత అయ్యాక, మళ్ళీ దుక్కి చేయక ముందు, ఎరువేమీ వేయని సమయంలో తీయాలి. ఎకరంలో ఎనిమిది నుంచి పది చోట్ల అటూ ఇటూ నడుస్తూ, పైన ఉన్న చెత్త పక్కకు నెట్టి, పారతో ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తవ్వాలి. గుంట అంచు నుంచి పై నుంచి కింది దాకా ఒక పలుచటి పొర చెక్కి బక్కెట్లో వేసుకోవాలి. అన్నీ కలిపి, రాళ్ళూ వేళ్ళూ ఏరేసి, గుడ్డ మీద గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అరకిలో మిగిలే దాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టాలి.

గట్ల పక్కన, చెట్ల కింద, పేడకుప్ప పెట్టిన చోట, గడ్డివాము వేసిన చోట తీయకూడదు. యూరియా సంచిలో మట్టి పట్టుకుపోయే వాళ్ళను చూశాను. ఆ పరీక్ష చేయించినా ఒకటే, చేయించకపోయినా ఒకటే. నిమ్మ, మామిడి తోటలకు వేళ్ళు లోతుకు పోతాయి కాబట్టి పొరలు పొరలుగా లోతు నుంచి తీయాలి, అది వేరే పద్ధతి.

2015 నుంచి కేంద్రం ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో అంకెలు హెక్టారు లెక్కన ఉంటాయి. మనం ఎకరాల్లో ఆలోచిస్తాం. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు కాబట్టి ఆ అంకెను 2.5తో భాగించుకోవాలి. హెక్టారుకు 280 కిలోల కంటే తక్కువ నత్రజని ఉంటే ‘తక్కువ’ అని రాస్తారు. ఏళ్ళ తరబడి డీఏపీ (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) వేసిన మాగాణి పొలాల్లో భాస్వరం ‘ఎక్కువ’ అని రావడం మామూలే. అప్పుడు డీఏపీ తగ్గించడానికి భయపడక్కర్లేదు, మట్టిలో పేరుకున్నదాన్ని వాడుకోవడమే.

అడుగు 2: ఆకు చదవడం

నాకు ఇష్టమైన పని ఇదే. నాట్లు వేసిన నెల తర్వాత పొద్దున్నే గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక దుబ్బును చేత్తో పట్టుకుని కింది ఆకు నుంచి పై ఆకు దాకా చూడండి. మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే. తేడా ముసలి ఆకులో కనిపిస్తోందా, లేత ఆకులోనా?

నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్క ఒంట్లో కదులుతాయి. కొరత వస్తే మొక్క ముసలి ఆకులోంచి లాక్కుని లేత చిగురుకు పంపిస్తుంది. ఇంట్లో బియ్యం చాలకపోతే అమ్మ తన ముద్ద తగ్గించుకుని పిల్లలకు పెట్టినట్టు. అందుకే వీటి లోపం ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది. కాల్షియం అలా కదలదు, గంధకం పెద్దగా కదలదు. వాటి లోపం పైన, లేత భాగాల్లో కనిపిస్తుంది.

కింది ఆకు కొస నుంచి పసుపు మొదలై, మధ్య ఈనె వెంబడి లోపలికి సాగుతుంటే నత్రజని చాలలేదని. ఆకులు మామూలు కంటే ముదురు పచ్చగా, కొన్నిసార్లు ఊదారంగు కలిసి, దుబ్బు కురచగా ఉండి పిలకలు రాకపోతే భాస్వరం. ముదురు పచ్చదనం చూసి పైరు బాగుందని మురిసిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. కింది ఆకుల అంచులు పసుపుగా మారి, తర్వాత గోధుమరంగులో మాడిపోతుంటే పొటాష్.

ఒక హెచ్చరిక. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల పక్కన ఉన్న పొలాల్లో ఆకు కొసలు, అంచులు మాడితే వెంటనే పొటాష్ అనుకోవద్దు. ఉప్పు దెబ్బ కూడా అలాగే కనిపిస్తుంది. మట్టి పరీక్షలో ఈసీ అనే గడి చూడండి, అది లవణాల కొలత. అది పెరిగి ఉంటే పొటాష్ బస్తాలు కుమ్మరించినా తీరే బాధ కాదది, మంచినీటితో ఉప్పు కడిగి బయటికి పంపాలి.

లేత ఆకులు పాలిపోతే గంధకం అనుమానించాలి. పెరట్లో టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్ళితే కాల్షియం ఆ కాయకు అందలేదని అర్థం. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్ళు ఒకరోజు మునిగేట్టు, నాలుగు రోజులు ఎండేట్టు పెట్టడం వల్ల కాయ దాకా చేరదు. నాటిన రెండు మూడు వారాలకు వరి ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే జింకు. అది సూక్ష్మ పోషకం, మన లెక్కలోది కాదు, అయినా మన జిల్లాలో తరచూ కనిపిస్తుంది కాబట్టి చెప్పాను. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తారు.

వరి ఆకు రంగు పోల్చే చార్టు దొరికితే వాడండి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును చార్టు మీద ఆనించి, ఎండ పడకుండా మీ నీడ పడేట్టు నిలబడి చూడాలి. పది దుబ్బులు చూశాక గానీ ఒక మాట అనుకోకూడదు.

అడుగు 3: బస్తా మీది అంకెలను ఎకరానికి తేవడం

బస్తా మీద మూడు అంకెలుంటాయి. వరస ఎప్పుడూ నత్రజని, భాస్వరం, పొటాష్. నూటికి ఎన్ని కిలోలో అంకె చెబుతుంది. డీఏపీ 18-46-0. అంటే 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. యూరియాలో 46 శాతం నత్రజని. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం పొటాష్. నాలుగో అంకె కనిపిస్తే, 20-20-0-13లో లాగా, అది గంధకం. భాస్వరం, పొటాష్ అంకెలు నిజానికి వాటి ఆక్సైడు లెక్క. సిఫార్సులు కూడా అదే లెక్కలో ఇస్తారు కాబట్టి మార్చుకోనక్కర్లేదు.

మీ సిఫార్సు ఎకరానికి 48-24-16 అని వచ్చిందనుకుందాం. ముందు భాస్వరంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే డీఏపీ వేస్తే నత్రజని కూడా కలిసి వస్తుంది. 24 కిలోల భాస్వరానికి ఒక బస్తా డీఏపీ దాదాపు సరిపోతుంది. దాంతో 9 కిలోల నత్రజని వచ్చింది. 48లో 9 తీసేస్తే 39. దాన్ని 0.46తో భాగిస్తే సుమారు 85 కిలోల యూరియా, అంటే రెండు బస్తాలకు అయిదు కిలోలు తక్కువ. 16 కిలోల పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు, అర బస్తాకు కాస్త పైన. అయిపోయింది లెక్క.

ఈ తీసివేత చేయకపోవడమే మా ఇంట్లో జరిగిన పొరపాటు. ఒక ఏడాది నాయన డీఏపీలోని నత్రజనిని లెక్కలోకి తీసుకోలేదు. పక్క మడి మా మడి కంటే పచ్చగా ఉందని ఇంకో బస్తా యూరియా చల్లాడు. పైరు నల్లగా, ఏపుగా పెరిగింది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. పొట్ట దశ దాటాక కాడల రసం పీల్చే దోమ పట్టి దోమపోటు వచ్చింది, ఆ తర్వాత ఒక రాత్రి గాలివానకు మడి మొత్తం చాప పరిచినట్టు పడిపోయింది. నత్రజని ఎక్కువైతే కాడ మెత్తబడుతుంది, దుబ్బు గుబురై గాలి ఆడదు, దోమకీ అగ్గి తెగులుకీ అనువుగా తయారవుతుంది. పడిపోయిన వరిని మనుషులతో కోయించినప్పుడు ఆ కూలి డబ్బులు లెక్కపెడుతూ నాయన మాట్లాడకుండా కూర్చున్న సాయంత్రం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. అన్నిటికంటే కొరతగా ఉన్న పోషకమే దిగుబడిని నిర్ణయిస్తుంది. మడి గట్టు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడి ఎత్తు దాకే నీళ్ళు నిలుస్తాయి, మిగతా గట్టు ఎంత పెంచినా లాభం లేదు. పొటాష్ తక్కువైన పొలంలో యూరియా పెంచడం అలాంటిదే.

అడుగు 4: ఎప్పుడు, ఎలా

భాస్వరం మట్టిలో కదలదు, వేరు దగ్గరే ఉండాలి. అందుకే మొత్తం, నాట్ల ముందు మడిని బురదగా దున్నే ఆఖరి దమ్ములోనే వేసేయాలి. నత్రజనిని మూడు దఫాలుగా పంచాలి. పై లెక్కలో అయితే దమ్ములో డీఏపీతో పాటు 15 కిలోల యూరియా, పిలకలు వేసేటప్పుడు 35, అంకురం దశలో (కాడ లోపల కంకి రూపు కట్టేటప్పుడు) 35. తేలిక నేలల్లో పొటాష్‌ను సగం దమ్ములో, సగం అంకురం దశలో వేయడం మంచిది.

నాట్ల తర్వాత పై పాటుగా యూరియా చల్లే ముందు మడిలో నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లండి. ఒకటిన్నర, రెండు రోజులు ఆగి మళ్ళీ నీళ్ళు పెట్టండి. నిండా నీళ్ళున్న మడిలో చల్లితే అది పక్కవాడి మడికో కాలువకో పోతుంది, లేదంటే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది.

గడ్డి గురించి గట్టిగా చెప్పాలి. వరి తీసుకున్న పొటాషియంలో చాలా భాగం గింజలో ఉండదు, గడ్డిలో ఉంటుంది. టన్ను గడ్డిలో 12 నుంచి 17 కిలోల దాకా పొటాషియం ఉంటుంది. మిషన్ కోత వచ్చాక గడ్డిని తగలబెట్టడం అలవాటైంది. అందులోని నత్రజని దాదాపు అంతా, గంధకం చాలా భాగం పొగలో పోతుంది. డబ్బు పెట్టి కొన్న పోషకాన్ని అగ్గిపుల్లతో అంటించడమే అది. గొడ్లకు వేసి, పేడ తెచ్చి తోలితే టన్ను పశువుల ఎరువులో సుమారు 5 కిలోల నత్రజని వెనక్కి వస్తుంది.

మెట్ట పైర్లది వేరే దారి. మేనమామ వేసే కందికి యూరియా చాలా తక్కువ చాలు, వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పూత దశలో ఒక మొక్క జాగ్రత్తగా పీకి బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే పని చేస్తోందని. వేరుశనగకు పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేయడం ఎందుకంటే, పూత నుంచి కిందికి సాగే ఊడ మట్టిలోకి దిగాక కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. అది అందకపోతే కాయ తాలుగా మిగులుతుంది. కందుకూరు, కొండపి, కనిగిరి పొగాకు రైతులకు తెలిసిన సంగతే ఇంకొకటి. పొగాకుకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయరు, అందులోని క్లోరిన్ వల్ల ఆకు సరిగా కాలదు. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేస్తారు. పోషకం అదే, తోడొచ్చిన పదార్థం వేరు.

అడుగు 5: పళ్ళేన్ని ఒక్కసారి తూకం వేయడం

పొలానికి మట్టి పరీక్ష ఎలాగో, మనిషికి ఒక రోజు తిండిని తూచి రాసుకోవడం అలాగ. ప్రతిరోజూ అక్కర్లేదు. వంటింటి తూకం ఒకటి తెచ్చి, వండక ముందు బియ్యం, పప్పు తూచండి. అన్నం తూస్తే నీటి బరువు కలిసి లెక్క తప్పుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నాయన బరువు 60 కిలోలు. అంటే 50 గ్రాములు.

అమ్మా నేనూ కలిసి ఒక మంగళవారం తూచాం. పొద్దున ఇడ్లీలో 60 గ్రాముల బియ్యపు రవ్వ, 20 గ్రాముల మినప్పప్పు. మధ్యాహ్నం 180 గ్రాముల బియ్యం, రాత్రి 150. మొత్తం 390 గ్రాముల బియ్యం. మధ్యాహ్నం పప్పుచారులో ఆయన వాటాకు వచ్చిన కందిపప్పు చూస్తే 10 గ్రాములే. తూకం మీద చిన్న గిన్నె పెట్టి ఆ పదిగ్రాముల పప్పు పోసి అమ్మ దాన్ని వేలితో కదిపి చూసింది. “ఇంతేనా? రోజూ పప్పు పెడుతున్నాననే అనుకుంటిని” అంది. రాత్రి పచ్చడి, పల్చటి మజ్జిగ. టీలోకి పాలు 100 మిల్లీలీటర్లు.

ప్రోటీన్ కూడితే ఇడ్లీలో 9, రెండు పూటల అన్నంలో 26, చారు పప్పులో 2, కూరలో 2, మజ్జిగలో ఒకటిన్నర, పాలల్లో 3. మొత్తం 43, 44 గ్రాములు. కావలసినదానికి ఆరేడు గ్రాములే తక్కువ కదా అనిపిస్తుంది. కానీ అందులో 31 గ్రాములు బియ్యం నుంచే వచ్చాయి. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టిన గోడ లాంటిది. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో లైసిన్ బాగా ఉంటుంది, బియ్యంలో ఉన్న మిథియోనిన్ దానిలో తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని కొరతను ఇంకొకటి తీరుస్తుంది. లీబిగ్ గట్టు ఇక్కడ కూడా ఉంది. తక్కువైన అమైనో ఆమ్లం దగ్గరే ఒళ్ళు కట్టుకునే పని ఆగిపోతుంది. పైగా ఆ 390 గ్రాముల బియ్యం ఇచ్చే శక్తి 1,350 కిలో కేలరీల పైమాటే. 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దంటాయి. రోజుకు 2,000 కిలో కేలరీల తిండికి వాళ్ళు చూపిన పళ్ళెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, పలుకులు, గింజలు 35, నూనె 27 గ్రాములు. ధాన్యం మూడు పాళ్ళయితే పప్పు ఒక పాలు. మా పళ్ళెంలో ఆ రోజు పదమూడు పాళ్ళకు ఒక పాలు.

మార్చింది ఇది. బియ్యం పొద్దున 60, మధ్యాహ్నం 120, రాత్రి 80. మధ్యాహ్నం పప్పుచారు బదులు 40 గ్రాముల ముద్దపప్పో ఆకుకూర పప్పో. రాత్రి 25 గ్రాముల శనగలో అలసందలో నానబెట్టి గుగ్గిళ్ళు. ఒక గుడ్డు. మజ్జిగ బదులు 200 గ్రాముల గట్టి పెరుగు. కూర రెట్టింపు. ఇప్పుడు ప్రోటీన్ 58 గ్రాముల దాకా వస్తోంది. ఆదివారం చేపల పులుసు ఉన్నప్పుడు గుడ్డు అక్కర్లేదు, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పులుసులోకి అన్నం ఎక్కువ పోతుందే, అదొక్కటే చూసుకోవాలి.

అన్నం మానేయమని నేను చెప్పను. పిండిపదార్థం లేకుండా పొలం పని చేయలేరు. పని రోజుల్లో ఎక్కువ, అరుగు మీద కూర్చునే రోజుల్లో తక్కువ తినాలి. పైరు దశను బట్టి ఎరువు పంచే రైతుకు ఈ మాట వివరించక్కర్లేదు. పొదిలి వైపు మా అమ్మమ్మ కాలంలో తిన్న సజ్జ, జొన్న, కొర్ర అన్నం వారానికి రెండు మూడు పూటలు మళ్ళీ మొదలుపెట్టాం. సజ్జలో ప్రోటీన్ బియ్యం కంటే ఎక్కువ, పీచు కూడా ఎక్కువే.

అడుగు 6: నూనె, ప్యాకెట్లు

నూనెకు తూకం అక్కర్లేదు, నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అయ్యాయో చూస్తే చాలు. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురికి నెలకు 3.2 కిలోలు. లీటరు ప్యాకెట్లో సుమారు 910 గ్రాములు ఉంటుంది కాబట్టి మూడున్నర ప్యాకెట్లు. అయిదు దాటుతుంటే కారందోశ పెనం మీద, ఊరగాయ జాడీలో ఎంత పోతోందో చూసుకోవాలి. కొవ్వు శత్రువేం కాదు, ఆకుకూరల్లోని విటమిన్లు ఒంటికి పట్టాలంటే అది కావాలి.

ప్యాకెట్ మీది పట్టిక చదివేటప్పుడు అది 100 గ్రాములకా, ఒక వడ్డనకా అన్నది ముందు చూడండి. బస్తా మీద శాతం, కార్డు మీద హెక్టారు, ప్యాకెట్ మీద 100 గ్రాములు. దేని లెక్కన రాశారో చూడకపోతే మూడు చోట్లా పొరపాటు పడతాం.

ఊళ్ళో కుర్రాళ్ళు జిమ్‌కని కొంటున్న ప్రోటీన్ పొడుల గురించి అడుగుతుంటారు. ఒళ్ళు పెంచడానికి వాటిని వాడవద్దనే అదే మార్గదర్శకాల్లో ఉంది. 100 గ్రాముల వేరుశనగ పప్పులో 23 గ్రాముల పైన ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు కూడా 40 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి గుప్పెడు చాలు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పైన చెప్పినట్టు పప్పు, గుడ్డు పెంచకూడదు. వాళ్ళకు ప్రోటీనూ పొటాషియమూ రెండూ డాక్టరు చెప్పిన లెక్కలోనే ఉండాలి, కొబ్బరినీళ్ళు కూడా అడిగే తాగాలి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. నాయన ఈ మార్పు చేసే ముందు డాక్టరుకు చెప్పి మాత్రల మోతాదు సరిచూపించుకున్నాడు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ప్రోటీన్ అవసరం ఎక్కువ. పెరిగే పిల్లలకూ వయసును బట్టి లెక్క మారుతుంది, వాళ్ళకు 0.83 అంకె వాడకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒకే నోట్‌బుక్ ఉంది. ఎడమ పేజీలో మడి, కుడి పేజీలో పళ్ళెం. ఎడమ పక్క మట్టి తీసిన తేదీ, సంచి ఇచ్చిన తేదీ ఉన్నాయి. కుడి పక్క అమ్మ రాత: “రాత్రి శనగలు 25, పెరుగు పెద్ద గిన్నె.” నిన్న నాయన పుస్తకం మూసి, “నాట్లకి ఇంకా రెండు నెలలుంది గదా, ఈ లోపల జీలుగ చల్లుదామా? ఎకరాకి ఎన్ని కిలోలు తెమ్మంటావు?” అన్నాడు. పన్నెండు చాలన్నాను. జీలుగ పచ్చిరొట్ట పైరు, మట్టిలో కలియదున్నడానికే వేస్తాం. నలభై అయిదు రోజులకు పూత మీద ఉండగా కలియదున్నితే అది గాలిలోంచి పట్టిన నత్రజని మడికే దక్కుతుంది, అంత మేరకు యూరియా తగ్గించుకోవచ్చు. విత్తనం తెచ్చి కొట్టంలో పెట్టాడు. వాన పడగానే చల్లుతాం.